యీల్డ్‌ని తెలుగులో చెప్పిన మనిషి

మాస్టారు పోయారన్న సంగతి నాకు ఆదివారం పొద్దున, మదీనాగూడలో కూరగాయలు కొంటుంటే తెలిసింది. పాత కంపెనీలో కలిసి పనిచేసినవాళ్ళం ఒక వాట్సాప్ గ్రూపులో మిగిలి ఉన్నాం. పండగ శుభాకాంక్షలు, ఎవరికైనా ఉద్యోగం పోతే వాళ్ళ రెజ్యూమెలు తప్ప అందులో ఇంకేమీ రావు. ఆ పొద్దున ఒకతను రాశాడు: "మన తెలుగు మాస్టారు పోయారట. పది రోజులైందట. నిద్రలోనే." దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక, తూకం వేయించిన బెండకాయలు కౌంటర్ మీదే వదిలేసి బయటికొచ్చి స్కూటీ మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎండెక్కాక మళ్ళీ లోపలికెళ్ళి బెండకాయలు తెచ్చుకున్నాను.

ఆయన నిజానికి మాస్టారు కాదు. ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఏదో పత్రికలో చాలా ఏళ్ళు ప్రూఫులు దిద్ది, ఆ ఎడిషన్ మూసేశాక ఖాళీగా ఉంటే ఎవరో మా దగ్గరికి పంపారు. వచ్చిన రోజే రిసెప్షన్‌లో పిల్ల 'మాస్టారూ' అని పిలిచింది, అదే ఉండిపోయింది. పాతికేళ్ళవాళ్ళ మధ్య యాభై ఆరేళ్ళ మనిషి. మెడలో వేసుకోవాల్సిన ఐడీ కార్డు చొక్కా జేబులో పెట్టుకునేవారు. సెక్యూరిటీ దగ్గర బస్సులో పాసు చూపించినట్టు తీసి చూపించి, మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టుకునేవారు. ప్రగతి నగర్ నుంచి ఒక బస్సూ, ఒక షేర్ ఆటో మారి వచ్చినా అందరికంటే ముందు ఆయనే సీట్లో ఉండేవారు.

మాది ఫోన్లో బాండ్లు అమ్మే కంపెనీ. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో తొమ్మిదో అంతస్తు. బాండంటే అప్పు పత్రమే. ఏదో ఒక కంపెనీ జనం దగ్గర డబ్బు తీసుకుని, ఏడాదికి ఇంత వడ్డీ ఇస్తాం, ఫలానా తేదీకి అసలు తిరిగిస్తాం అని రాసిస్తుంది. ఒకప్పుడు బాగా ఉన్నవాళ్ళే వీటిని కొనేవారు. పదివేలు చేతిలో ఉన్నవాళ్ళ చేత కూడా కొనిపించాలన్నది మా ఆలోచన. అందుకు యాప్ తెలుగులో ఉండాలి. ఆ పని నాకు అప్పగించారు. మా అమ్మానాన్నలది భీమవరం వైపు, నేను పుట్టి పెరిగింది మియాపూర్‌లో. ఇంట్లో మాట్లాడే తెలుగే గానీ రాసే తెలుగు నాకు రాదు.

ఇంటర్వ్యూలో నేను ఆయన్ని మొదట అడిగింది, "యీల్డ్ అంటే ఏంటో తెలుసా?" అని.

"తెలియదండి."

"మరి ఎలా రాస్తారు?"

"తెలిసినవాళ్ళు రాసినవి నిన్న నాలుగైదు చదివానండి. రాసినాయనకి తప్ప ఇంకెవరికీ అర్థం కావు. నాకు అర్థమయ్యేదాకా మిమ్మల్ని అడుగుతాను. నాకు అర్థమైతే ఎవరికైనా అవుతుంది."

అన్నట్టే అడిగేవారు. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "అంటే?" నేను బోర్డు మీద లెక్కలు వేసి అరగంట చెప్పి, "అర్థమైందా?" అంటే, తల కాస్త పక్కకి వంచి, "అంటే?" అనేవారు. నాలుగోసారి అడిగేసరికి నాకు ఎక్కడ అర్థం కాలేదో నాకే తెలిసేది. ఎంబీఏ చదివి, ఆరేళ్ళు ఇదే పనిలో ఉండి, 'గడువుదాకా ఉంచుకుంటే వచ్చే యీల్డ్' అన్నది నేను ఎప్పుడూ సూత్రంగా బట్టీపట్టానే తప్ప అది ఏంటో ఆలోచించలేదని ఆయన దగ్గరే బయటపడింది.

మాట సరిపోకపోతే బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దుకునేవారు, దుకాణంలో బట్ట నాణ్యం చూస్తున్నట్టు. రాసింది పైకి చదువుకునేవారు. "ఇది తెలుగు కాదండీ. తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు" అని కొట్టేసేవారు. అందరినీ పేరు పెట్టి పిలవడమే మా ఆఫీసు పద్ధతి అని ఎంత చెప్పినా నన్ను 'అమ్మాయి గారూ' అనేవారు.

యీల్డ్‌కి నేను నిఘంటువు చూసి 'దిగుబడి' అని పెట్టాను. ఆయన రెండ్రోజులు వేళ్ళు రుద్దుకుంటూ తిరిగారు.

"ఏం మాస్టారూ, బాగాలేదా?"

"మాట మంచిదేనండి. కాకపోతే మా వైపు దిగుబడి అంటే ఎకరానికి ఎన్ని బస్తాలు అని. వాన రాకపోతే ఈ ఏడు దిగుబడి లేదు అంటాం. ఆ మాటలోనే పండకపోవడం కూడా ఉందండి. మీ యాప్‌లో పండకపోవడం అన్నది ఎక్కడా కనపడదే?"

నేను నవ్వాను. చివరికి 'రాబడి' అని రాసి, పక్కన యీల్డ్ అని ఉంచాం.

ఆయన రాసినవన్నీ ముందు మణెమ్మకి చదివి వినిపించేవారు. మణెమ్మ మా ఫ్లోర్ ప్యాంట్రీలో టీలు, కాఫీలు చూసుకునేది. నలభై అయిదేళ్ళుంటాయి. తెల్లాపూర్ దాటాక లోపల ఒక చిన్న ఊరు, అక్కణ్ణుంచి వచ్చేది. వాళ్ళాయన పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక నడుం నొప్పితో ఇంట్లో ఉంటున్నాడు. మా ఫ్లోర్‌లో ఆవిడని 'మణెమ్మ గారూ' అన్నది మాస్టారొక్కరే. "గార్లు గీర్లు ఎందుకు సార్" అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం నేను కాఫీకని వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. మాస్టారు ఒక ప్రింటు కాయితం వెనక రాసింది చదువుతున్నారు. ఆవిడ కప్పులు కడుగుతూ వింటోంది.

"సమజ్ కాలే సార్. జర సీదాగ చెప్పుండ్రి."

"లక్ష రూపాయల బాండు ఉందనుకోండి. ఏడాదికి తొమ్మిది వేలు ఇస్తానని కంపెనీవాడు రాసిచ్చాడు. ఆ తొమ్మిది వేలని కూపన్ అంటారు."

"కూపనేంది సార్, రేషన్ షాపు లెక్క! పైసలు కిరాయికి ఇచ్చినట్టు. గంతే గద?"

మాస్టారి వేళ్ళు ఆగిపోయాయి. "కిరాయి," అన్నారు. "డబ్బుకి కిరాయి. అంతేనండి. సరే, ఆ బాండు వేరే వాళ్ళ దగ్గర్నుంచి మీకు తొంభై వేలకే దొరికింది. ఇప్పుడు కిరాయి ఎంత?"

"కిరాయి గదే వస్తది. తొమ్మిది వేలు. గాని నాకు సస్తాల పడ్డది గద సార్. ఫాయిదా ఎక్కువే."

"ఎంత ఎక్కువ?"

ఆవిడ పంపు కట్టేసి ఆలోచించింది. "తొంభైకి తొమ్మిది. నూటికి పది."

"అదే యీల్డండి! కూపన్ తొమ్మిది శాతం, మీకు యీల్డ్ పది శాతం. ఇంకొకటి చెప్పండి. మీ చేతిలో తొమ్మిది వేల కిరాయి బాండు ఉంది. ఈలోపల కొత్త బాండ్లకి పన్నెండు వేలు ఇస్తున్నారు. మీది ఎవరైనా లక్షకి కొంటారా?"

"ఎవడు గొంటడు సార్? పన్నెండు వేలు వచ్చేది ఉండంగ నాది ఎందుకు? ధర తగ్గిస్తె గొంటడు."

మాస్టారు నా వైపు తిరిగారు. ఆయన ముఖం అలా వెలగడం నేను మళ్ళీ చూడలేదు. వడ్డీ రేట్లు పెరిగితే బాండ్ల ధర ఎందుకు పడుతుందో నేను కాలేజీలో ఒక సెమిస్టరంతా చదువుకున్నాను. ఆవిడ కప్పులు కడుగుతూ చెప్పేసింది.

అలా కూపన్, యీల్డ్, ముఖవిలువ, గడువు, రేటింగ్ అన్నీ కిరాయి భాషలోకి వచ్చాయి. ఆ నెలంతా ఆయన పని ముగించుకుని ఇంటికెళ్ళడం మర్చిపోయేవారు. నేనే గుర్తుచేయాల్సి వచ్చేది.

చివరికి ముప్పు గురించి రాయాల్సి వచ్చింది. ఒక్కొక్క మాటకి మూడు వాక్యాలే పట్టేలా స్క్రీన్ తయారైంది. 'బాండు అంటే ఏమిటి' అన్న మొదటి స్క్రీన్ మీద ఆయన నాలుగో వాక్యం రాశారు. "ఇల్లు కిరాయికిస్తే, కిరాయిదారు పారిపోయినా ఇల్లు మీకు మిగులుతుంది, డబ్బు కిరాయికిస్తే, పారిపోయేవాడు ఇంటిని కూడా పట్టుకుపోతాడు."

మీటింగులో మా హెడ్ ఇంగ్లీషు అనువాదం చదివి తల అడ్డంగా ఊపాడు. మొదటి స్క్రీన్‌లోనే ఇలా భయపెడితే జనం అక్కడే ఆగిపోతారన్నాడు. నిబంధనల ప్రకారం ఉండాల్సిన హెచ్చరిక ఎలాగూ కింద ఉందన్నాడు.

"అది ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉందండి," అన్నారు మాస్టారు. "ఇంగ్లీషులో చిన్న అక్షరాలు చదవగలిగినవాళ్ళకి నేనెందుకండీ?"

హెడ్ నా వైపు చూశాడు. నేను స్క్రీన్ మీద ఆ వాక్యం సెలెక్ట్ చేసి, డిలీట్ నొక్కాను. మూడు వాక్యాలు చక్కగా సరిపోయాయి. "సరేనా మాస్టారూ?" అన్నాను. ఆయన వేళ్ళు ఒకసారి రుద్దుకుని, "సరేనండి" అన్నారు. ఆయనకి అద్దె కట్టాలి. ఆ వయసులో ఇంకెవరూ ఉద్యోగం ఇవ్వరు. నాకు అదంతా తెలుసు, తెలిసే అడిగాను.

తెలుగు యాప్ బాగా నడిచింది. మిగతా భాషలవాళ్ళు మాస్టారి తెలుగునే తమ భాషల్లోకి మార్చుకున్నారు. అందరినీ నిలబెట్టి కేకు కోయించి ఆయనకి ఒక గాజు జ్ఞాపిక ఇచ్చారు. ఆయన దాన్ని ఏం చేయాలో తెలియక చంకలో పెట్టుకుని ఫొటోకి నిలబడ్డారు.

రెండు నెలలకి మణెమ్మ డబ్బాలో బాలూషాయి తెచ్చింది. మాస్టారికి రెండు, నాకు ఒకటి పెట్టింది.

"ఏమిటండీ విశేషం?"

"కిరాయొచ్చింది సార్!" ఫోను తీసి చూపించింది. "నాలుగు వేలు. పొద్దుగాల టింగుమని మోగింది."

అది ఎక్కడో ఉత్తరాదిలో ఆటోలకి అప్పులిచ్చే చిన్న ఫైనాన్స్ కంపెనీ బాండు. ఏడాదికి పన్నెండు శాతం, నెలనెలా చెల్లింపు. మా యాప్‌లో పైనే కనిపించేది. నెలకి నాలుగు వేలంటే అసలు ఎంతో మాస్టారు మనసులో లెక్కేసుకున్నారు. చేతిలో బాలూషాయి అలాగే ఉంది.

"నాలుగు లక్షలు పెట్టారా?"

"మా ఆయన ఫ్యాక్టరీ సెటిల్‌మెంట్ పైసలు సార్. బ్యాంకుల ఉన్నయి. రేకుల ఇంటి మీద స్లాబ్ వేద్దామని పెట్టుకున్నం. అయిదు లక్షలైతది అన్నడు మేస్త్రి. బ్యాంకుల పెడితే ఎప్పటికైతది? గిట్లైతే రెండేండ్లల్ల అయితది."

"మొత్తం ఒక్కదాంట్లోనేనా?"

"సగం పెడితె సగం కిరాయే గద వచ్చేది."

మాస్టారు నన్ను పక్కకి తీసుకెళ్ళారు. "అమ్మేయొచ్చు కదండీ? ఇవాళే అమ్మేయొచ్చు కదా?" చూశాను. అమ్మకానికి పెట్టొచ్చు, కొనేవాళ్ళే లేరు. అలాంటి బాండ్లు మేము జనానికి అమ్ముతాం గానీ వాళ్ళు తిరిగి అమ్ముకోవాలంటే అవతల చెయ్యి చాపేవాళ్ళు ఉండరు. ఆ సంగతి చెప్పే మాట మా జాబితాలోనే లేదు. దానికి మేము స్క్రీనే పెట్టలేదు.

అయినా ఆయన మణెమ్మకి ఆ సాయంత్రం గంటసేపు చెప్పారు. ఎప్పుడు వీలైతే అప్పుడు సగమైనా తీసేయమన్నారు. ఆవిడకి నచ్చలేదు. "మీరే మంచిగ చెప్పి, మీరే భయపెట్టిస్తరేంది సార్?" అంది. నవ్వుతూనే అంది.

తొమ్మిది నెలలు టింగుమని మోగింది. పదో నెల మోగలేదు. 'సాంకేతిక కారణాల వల్ల చెల్లింపు ఆలస్యం' అని మెసేజ్ వచ్చింది. తర్వాతి నెల ఆ మెసేజ్ కూడా రాలేదు. యాప్‌లో ఆ బాండు పేరు బూడిద రంగులోకి మారిపోయింది. ఆటోలకి అప్పులిచ్చిన ఆ కంపెనీ తన అప్పులు కట్టలేకపోయింది, వ్యవహారం కోర్టుకి వెళ్ళింది. మాకు ఉత్తరాలు, ఫోన్లు మొదలయ్యాయి. మేము అమ్మిపెట్టినవాళ్ళమే తప్ప అప్పు తీసుకున్నవాళ్ళం కాదని, హెచ్చరిక ముందే ఇచ్చామని అందరికీ ఒకే జవాబు పంపాం. అది నిజమే. ఆ జవాబుకి కూడా తెలుగు కావాల్సి వచ్చింది. మాస్టారు రాయనన్నారు. నేనే రాశాను, తప్పులతో.

మణెమ్మ ఏడవలేదు, అరవలేదు. ప్యాంట్రీలో స్టూలు మీద కూర్చుని, మాస్టారిని ఒక పాఠంలో అనుమానం అడిగినట్టు అడిగింది.

"కిరాయి ఇయ్యకపోతే సామాన్లు బయటేసి ఖాళీ చేయిస్తం గద సార్. వీణ్ణెట్ల ఖాళీ చేయిస్తరు?"

మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు. ముందు కోర్టు ఒక మనిషిని పెడుతుంది, అతను కంపెనీ ఆస్తులు లెక్కేస్తాడు, బ్యాంకులు ముందు పంచుకుంటాయి, మిగిలింది బాండ్లవాళ్ళకి... సగంలో ఆగిపోయారు.

"నేను ముందే చెప్పాల్సిందండి," అన్నారు.

"మీరేం జేస్తరు సార్." ఆవిడ చేతులు తుడుచుకుంది. "గిదంత ఇంగ్లీషుల ఉంటే నేను ముట్టకపోతుంటి. మా ఆయన వద్దన్నడు. నేనే అన్న, కాదయ్యా, సార్ తెలుగుల రాసిండు, నాకు మంచిగ సమజైంది అని. సమజైనంక ఇగ ఫికరేముంది అనుకున్న."

ఆవిడ ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఐడీ కార్డు జేబులోంచి జారి కిందపడితే తీసుకోలేదు. నేను తీసి ఇచ్చాను.

ఆ తర్వాత ఆయన రాయడం తగ్గిపోయింది. కొత్త స్క్రీన్ ఏదిచ్చినా, "దీనికి తెలుగు లేదండి" అనేవారు. బద్ధకం అనుకున్నారు చాలామంది. మధ్యాహ్నాలు మణెమ్మ తరఫున కోర్టుకి పంపే క్లెయిము ఫారాలు నింపేవారు. జిరాక్సులు తీయించి, రిజిస్టర్డ్ పోస్టు చేసి, రసీదులు ఒక కవర్లో పెట్టి ఆవిడకిచ్చేవారు. ఆవిడలాగే పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కడెక్కణ్ణుంచో ఫోన్ చేస్తే వాళ్ళకీ చెప్పేవారు. అవతల ఎవరో తిట్టడం ఒకసారి నాకు వినిపించింది. ఈయన "అవునండి, అవునండి" అంటూ కూర్చున్నారు.

ఒక వారం తెలుగు యాప్‌లో కొనుగోళ్ళు ఒక్కసారి పడిపోయాయి. ఎందుకో చూడమన్నారు. యాప్ తెరిచాను. మొదటి స్క్రీన్ మీద నాలుగు వాక్యాలున్నాయి. నాలుగోది కింద సరిగా పట్టక, చివరి మాట బటన్ మీదికి వచ్చేసి ఉంది. మూడు రోజుల కిందట, పొద్దున్నే ఎవరూ రాకముందు, ఆయన లాగిన్‌తోనే మార్పు జరిగింది. దాచాలని కూడా ప్రయత్నించలేదు.

ఆ వాక్యాన్ని రెండోసారి కూడా నేనే తీసేశాను. తీయకుండా ఒక గంట కూర్చున్నాను, అంతే. ఆ గంటలో నేను ధైర్యం చేసింది ఏమీ లేదు. ఫ్లాటు వాయిదాల గురించి ఆలోచించాను.

మధ్యాహ్నానికి హెచ్‌ఆర్ వాళ్ళు ఆయన్ని పిలిచారు. సాయంత్రానికి లిఫ్టు దగ్గర గుడ్డ సంచితో నిలబడ్డారు. నేను పరిగెత్తి వెళ్ళాను.

"ఎందుకిలా చేశారు మాస్టారూ? నన్నొకసారి అడగొచ్చు కదా?"

"అడిగాను కదండీ మొదట్లో. మీరు వద్దన్నారు, నేను సరే అన్నాను. వద్దనడం మీ ఉద్యోగం. సరే అనడం నా పని కాదు. నేను దిద్దేవాణ్ణి." లిఫ్టు వచ్చింది. "మూడు రోజుల్లో ఎంతమంది ఆగిపోయారో తెలుస్తుందాండీ మీకు?"

చెప్పాను. ఆయన తల ఊపారు. తలుపులు మూసుకున్నాయి.

తర్వాత తెలుగు రాయడానికి మనిషిని పెట్టలేదు, యంత్రమే రాసేది. ఏడాదికి నన్నూ పంపేశారు. నేను గచ్చిబౌలిలో ఇంకో కంపెనీలో చేరాను. మాస్టారితో అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడేదాన్ని. ఎక్కడా పని దొరకలేదు. పిల్లల వర్క్‌బుక్కులకి ప్రూఫులు చూస్తున్నానన్నారు, పేజీకి ఇంత అని.

ఒకరోజు మణెమ్మ ఫోన్ చేసింది. తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో రెండిళ్ళలో వంట చేస్తున్నానంది. మాట నసుగుతోంది.

"ఒక మాట చెప్పాలె మేడమ్. ఏమనుకోవద్దు. సార్ ఐతారం ఐతారం మా ఇంటికొస్తడు."

"ఎందుకు?"

"కోర్టుల ఏమైందో చెప్పనీకి అంటడు. ఏమైతది, ఏం గాలేదు. రెండు బస్సులు మారొస్తడు. ఇంటి ముంగట కుర్చీల కూసుంటడు. ఛాయ్ ఇస్తే తాగుతడు. మా ఆయన ముఖం తిప్పుకుని పండుకుంటడు. నేను చెప్పిన, సార్, మీ తప్పు ఏంలేదు, పరేషాన్ గాకుండ్రి అని. అయినా వస్తడు. ఆయన్ను చూస్తే నాకు గా పైసలే యాదికొస్తున్నయ్ మేడమ్. వారమంత మర్చిపోయి ఉంట, ఐతారం మళ్ళ మొదలైతది. పెద్దమనిషి, రావొద్దని నా నోటితోని ఎట్ల చెప్పాలె? మీరు జర చెప్పుండ్రి."

చెప్పాను. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఎలాగో ఒకలా చెప్పాను. ఆవిడకి ఆదివారం పని ఎక్కువగా ఉంటోందని మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే అందుకున్నారు.

"ఆవిడే చెప్పమన్నారాండీ?"

అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు. "అవును మాస్టారూ."

అవతల వెనక ఎక్కడో ప్రెషర్ కుక్కర్ కూత వినపడింది.

"మంచిదండి. ఇక వెళ్ళను," అన్నారు. తర్వాత, "మీ అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి అమ్మాయి గారూ?" అని అడిగారు. బాగానే ఉన్నాయన్నాను. అదే ఆఖరి మాట. మళ్ళీ ఆయన చేయలేదు, నేనూ చేయలేదు. ఆరు నెలలు గడిచాయి.

బెండకాయలు ఇంట్లో పెట్టి, ఆ ఆదివారమే ప్రగతి నగర్ వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీశారు. నేనెవరో చెప్పుకున్నాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. చివరి నెలల్లో ఆదివారాలు పొద్దున్నే తయారై, చెప్పుల దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చునేవారట. ఎందుకో అడిగితే చెప్పలేదట. "మీకేమైనా తెలుసా అమ్మా?" అని అడిగారు. తెలియదండి అన్నాను.

కిందికి దిగి రోడ్డు మీద నిలబడి మణెమ్మకి ఫోన్ చేశాను. పోయారని చెప్పాను.

"అయ్యో," అంది. "ఎప్పుడు? దవాఖానకు తీస్కపోలేదా?" నిద్రలో పోయారని చెప్పాను. "మంచోడు మేడమ్. నాదే పాపం. వస్తే రానియ్యకపోతిని," అంది. ఏడుస్తోందేమో తెలియలేదు. తర్వాత ముక్కు చీదుకుని మెల్లగా అడిగింది. "గా కంపెనీ ముచ్చట ఏమన్న తెల్సిందా?"

తెలిసింది. పాత ఆఫీసులో ఒకతను చెప్పాడు. "రూపాయికి తొమ్మిది పైసలు వస్తాయంటున్నారు మణెమ్మా. అదీ ఎప్పుడో తెలియదు."

"అంటే ముప్పై ఆరు వేలు," అంది వెంటనే. నేను ఇంకా గుణించుకుంటున్నాను.

వెనక ఎవరో ఆమెని పిలుస్తున్నారు, కూర మాడుతోందని. "వస్తున్నా అమ్మా," అని అరిచి, మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

"సార్ చెప్పినయి అన్ని యాదున్నయి మేడమ్. కూపన్ అంటే ఏంది, యీల్డ్ అంటే ఏంది, ధర ఎందుకు పడ్తది, గడువంటే ఏంది. ఒక్కటి మర్వలే. నిద్రల లేపి అడిగినా చెప్త. గిప్పుడు గివన్ని నేనేం జేస్కోవాలె మేడమ్?"

ఆమె జవాబు కోసం ఆగింది. లోపల్నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది, ఆమె ఫోన్ పెట్టేసింది.